అన్నీ చెప్పిండు

కుమారస్వామికి బనీను తొడగాలంటే ముందు కుడి చేతిని బుజ్జగించాలి. ఎడమ చెయ్యి మంచిదే, చెప్పినట్టు వింటుంది. కుడిది అలిగిన అల్లుడి లాంటిది, ఎవరైనా పట్టుకుని తీసుకొస్తే తప్ప లోపలికి రాదు. సమ్మక్క దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని ముందుగా దూర్చింది, తర్వాత తల, ఆ తర్వాత ఎడమ చెయ్యి. ఎడమ చెవి మీదుగా వంపు తిరిగిన కుట్ల గీత దగ్గర తువ్వాలతో మెల్లగా అద్దింది. అక్కడ వెంట్రుకలు ఇప్పటికీ పలచగానే ఉన్నాయి. నూనె రాసి, పాపిట తీసి, గడ్డం గీసి, మొగన్ని ముందర గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, చాట తెచ్చుకుని ఎదురుగా నేల మీద కూర్చుంది.

చాటలో చెరగడానికి బియ్యమేమీ లేవు. ఒక చెంచా, ఒక దువ్వెన, ఒక తాళంచెవి, ఒక గ్లాసు ఉన్నాయి.

"నీ పేరేంది?"

"కుమారస్వామి."

"మీ అయ్య పేరు?"

"కొమురయ్య."

"ఊరు?"

"మొగుళ్లపల్లి."

"కొడుకు?"

"శ్రావణ్."

ఆమె చాటలోంచి ఒక్కొక్కటే తీసి చూపించింది. చెంచ అన్నాడు. దువ్వెన అన్నాడు. తాళంచెయ్యి దగ్గర కొంచెం తడబడితే సమ్మక్క పెదవులు వాటంతటవే 'తా' అన్నట్టు తెరుచుకున్నాయి, ఆయన వాటిని చూసి అందుకున్నాడు. ఆఖరుకు గలాస.

"శభాష్!" అని ఆమె భుజం తట్టింది. కుమారస్వామి ముఖం విప్పారింది.

నిరుడు యాసంగి కోతలప్పుడు ఎవరో రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. బొగ్గు బాయి మీద రెండో షిఫ్టు దిగి మోటారు సైకిల్ మీద వస్తున్న మనిషి ఆ రాళ్ల దగ్గర ఎగిరి పడ్డాడు. వడ్లవాళ్లు మంచివాళ్లే, ఆటో మాట్లాడి దవాఖానకు తెచ్చింది వాళ్లే. తలకు ఆపరేషన్ అయినాక మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక్కటే ముక్క చెప్పింది. రోజూ మాట్లాడించండి, అడుగుతూ ఉండండి, విడిచిపెట్టకండి అని. సమ్మక్క విడిచిపెట్టలేదు. పండగ నాడు అడిగింది, తనకు జ్వరం కాసిన నాడు ముసుగు కప్పుకుని అడిగింది. నెలల తరబడి గోడకు చెప్పినట్టే అయింది. ఒకనాడు పేరు చెప్పాడు. అదే పట్టుకుని ఇంతదాకా లాక్కొచ్చింది. ఈ మాటలు తప్ప ఆయన నోట ఇంకేం రావు. ఆకలైతే కడుపు మీద కొట్టుకుంటాడు, అలసిపోతే కూర్చున్నచోటే ఒరిగిపోతాడు. అయితేనేం, ఇన్ని వచ్చినవి, ఇంకొకటి రాకపోతుందా అన్నది ఆమె ధైర్యం. మొన్న సగంలో గ్యాస్ బండ అతను వచ్చి తలుపు కొడితే లేచి పోయింది. తిరిగొచ్చి "కొడుకు?" అని అడిగితే ఆయన మళ్లా "కుమారస్వామి" నుంచి ఎత్తుకున్నాడు. ఎంత శ్రద్ధో చూడు, మొదటి నుంచీ అప్పజెప్తాడు అని మురిసిపోయింది.

చాట గోడకు ఆనిస్తుండగా సారయ్య వచ్చాడు. కుమారస్వామికి అన్న, అదే బాయిలో పనిచేసి రిటైరైనవాడు. కుర్చీ లాక్కుని తమ్ముడి ముఖం చూసి, తర్వాత చాట దిక్కు చూశాడు.

"సోమవారం మెడికల్ బోర్డుకు పిలిచిండ్రు, ఎరికే గదా?"

"ఎరికే బావా. శ్రావణ్ చెప్పిండు."

"ఇను మరి. ఆడ డాక్టర్లు ఇతన్ని అడుగుతరు. నువ్వు నేర్పిన గీ పాఠాలన్నీ టకటక అప్పజెప్పిండనుకో, మనిషి మంచిగనే ఉన్నడంటరు. బాయి పైన కూసునే తేలిక పనేదో రాస్తరు. పోరని నౌకరి గంగల కలిసినట్టే."

బాయి కాలనీలో పుట్టిన పిల్లలకు కూడా తెలిసిన సంగతే అది. తండ్రి పనికి పనికిరాడని బోర్డు రాస్తే, అంటే అన్‌ఫిట్ అని రాస్తే, ఆ జాగాలో కొడుకును తీసుకుంటారు. పనికొస్తాడని రాస్తే తండ్రే పనిలోకి పోవాలి.

"నేను గిప్పుడేం చెయ్యాలె బావా?"

"ఏం చెయ్యకు. గదే చెప్తున్న. నాలుగొద్దులు ఆ చాట పక్కకు పెట్టు. గడ్డం గీకకు. నోరు తెరువొద్దని ఇతనికి చెప్పు."

తన గురించే మాట్లాడుతున్నారని తెలిసో తెలియకో కుమారస్వామి అన్న దిక్కు చూసి నవ్వాడు. సారయ్య తల తిప్పుకున్నాడు. ఆయనకూ బాధ లేకపోలేదు. తమ్ముణ్ణి బాయికి తొలిరోజు వెంటబెట్టుకుని పోయింది ఆయనే.

శనివారం సమ్మక్క చాట తియ్యలేదు. స్నానమైనాక కుర్చీలో కూర్చోబెట్టి తను వంటింట్లోకి పోయింది. కాసేపటికి తొంగి చూస్తే ఆయన ముందుకు వంగి, ఆమె రోజూ కూర్చునే చోట నేలను చూస్తూ ఉన్నాడు. అప్పుడే పక్కింటి యాదమ్మ ఊరి నుంచి వచ్చిన తన చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"గీమెనే, నేను చెప్పలే? చచ్చి బతికిన మొగన్ని మళ్ల మనిషిని చేసుకున్నది. అక్కా, జర అడుగవే, మా చెల్లె సూస్తది."

అడగకుండా ఉండాల్సింది. కానీ ఏడాదిగా సమ్మక్కకు ఉన్న ఒకే ఒక్క గొప్ప అది. పట్టుచీర లేదు, బంగారం లేదు, చూపించుకోవడానికి ఆ జవాబులే ఉన్నాయి. చాట తెచ్చింది. ఆయన ఒక్కటి తప్పకుండా చెప్పాడు. యాదమ్మ చెల్లెలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

వాళ్లు లేచేసరికి శ్రావణ్ గుమ్మంలో ఉన్నాడు. డిగ్రీ చదివి ట్రాలీ ఆటో నడిపే కొడుకు, చొక్కా మీద సిమెంటు దుమ్ము. వచ్చినవాళ్లు పోయేదాకా ఓపిక పట్టాడు.

"అందరి అవ్వలు కొడుక్కు నౌకరి రావాలని మేడారంల మొక్కుతరు. నువ్వు పొద్దుగాల లేస్తే నా నౌకరికి ఎసరు పెడుతున్నవ్."

"మెల్లగ మాట్లాడు, బాపు ఇంటడు."

"ఇంటె ఏమైతది? అర్థమైతదా? అర్థమైతే గింత పరేషానెందుకు?"

"అర్థం కాకుంటనే చెప్తుండా అన్నీ?"

"చెప్తుండు గదా, గదే నా బాధ!" అన్నాడు శ్రావణ్. అని, తనన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు. తండ్రి బాగుపడుతున్నందుకు ఏడ్చే కొడుకు ఏం కొడుకని వాడికీ తెలుసు. బనీను తొడిగేది తల్లి అయినా, తండ్రిని దొడ్డికి తీసుకుపోయేది, కాలి గోళ్లు తీసేది, మందులు తెచ్చేది వాడే. మొదట్లో ట్రాలీలో సరుకు దించి ఒంటిగంటకు ఇంటికొచ్చి తండ్రిని మంచం మీద పక్కకు తిప్పి పోయేవాడు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. చెడ్డవాడు కాకపోవడమే సమ్మక్కకు కష్టమైంది.

"ఏడాది సంది చేస్తున్న అవ్వా," అన్నాడు మెట్టు మీద కూలబడి. "ఇంకా ఎన్నేండ్లు చెయ్యమంటే గన్నేండ్లు చేస్త. నౌకరుంటే జర ఊపిరి తీసుకుంటం గదా."

కొలువూ కావాలి, మొగుడూ కావాలి. రెండూ అడిగితే దేవుడికి కూడా నవ్వొస్తుందని సమ్మక్క అనుకుంది. ఆ బోర్డు వాళ్లు పనికిరాడని రాసేస్తే, ఇన్ని రోజులు తను తోడి తోడి నింపిన బిందెను ఎవరో కాలితో తన్నినట్టు ఉంటుందని ఆమె భయం. పనికొస్తాడని రాస్తే కొడుకు ముఖం ఎట్లా చూడాలి? అన్నం పెడుతూ, గిన్నెలు కడుగుతూ, బట్టలు పిండుతూ అదే తిప్పి తిప్పి ఆలోచించింది. అలసటే తప్ప ఏమీ తేలలేదు.

ఆదివారం సాయంత్రానికి ఒప్పుకుంది. ఒప్పుకున్నానని ఎవరికీ చెప్పలేదు. అప్పటికి గడ్డం గీయక రెండు రోజులైంది. కుమారస్వామి మాటిమాటికి చెంప తడుముకుని, అరచెయ్యి చూసుకుని, మళ్లీ తడుముకుంటున్నాడు. శ్రావణ్ తండ్రి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"బాపూ, నేనే డాక్టర్ననుకో. నేను అడుగుత, నువ్వు ఏం చెప్పొద్దు. సరేనా? నీ పేరేంది?"

"కుమారస్వామి."

"చెప్పొద్దన్న గదా! మళ్ల సూడు. నీ పేరేంది?"

"కుమారస్వామి," అన్నాడు తండ్రి, ఈసారి ఇంకా గట్టిగా. వినపడలేదేమో, పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాలేమో అనుకున్నట్టు.

"అయ్యో బాపూ! నోరు మూసుకోవాలె. గిట్ల." శ్రావణ్ పెదవులు బిగించి చూపించాడు. "నీ పేరు?"

"కుమారస్వామి."

శ్రావణ్ చేతికందిన స్టీలు గ్లాసును నేలకేసి కొట్టాడు. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. కుమారస్వామి ఎడమ చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పాతికేళ్లు బాయిలోకి దిగి బొగ్గు తీసిన మనిషి, కన్న కొడుకు ముందు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది చూసి శ్రావణ్ లేచి బయటికి వెళ్లిపోయి ట్రాలీ చక్రం దగ్గర నిలబడ్డాడు. వాడి భుజాలు కదలడం కిటికీలోంచి సమ్మక్కకు కనిపించింది.

ఆమె మొగుడి ముందు కూర్చుంది. ఆయన వెంటనే ఆమె పెదవుల దిక్కు చూశాడు, పాఠం మొదలవుతుందని.

"అయ్యా, జర ఇను. రేపు ఎవలన్న అడిగితే ఏం చెప్పకు. పిలగాని కోసం. ఒక్కనాడే. మళ్ల ఎల్లుండి సంది మనం మంచిగ చెప్పుకుందం." వేలు తన పెదవుల మీద పెట్టుకుంది. ఆయన కాసేపు చూసి, తన వేలు కూడా పెదవుల మీద పెట్టుకున్నాడు. "ఆఁ," అన్నాడు.

అర్థమైందనుకుంది. అర్థమైనందుకు సంతోషపడాలో, మొగుడికి మూగతనం నేర్పినందుకు సిగ్గుపడాలో తెలియక అట్లాగే కూర్చుండిపోయింది.

బోర్డు కూర్చునే పెద్ద దవాఖాన కారులో పోతే సగం పూట దూరం. సారయ్య ముందు సీట్లో, తండ్రీ తల్లీ కొడుకూ వెనక సీట్లో. కుమారస్వామికి పాత చొక్కా తొడిగారు, కాలరు చిరిగింది. దారి పొడుగునా ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. వరండాలో బెంచీల నిండా మనుషులు. ప్రతి ముసలాయన పక్కనా ఒక పడుచు కొడుకు. దగ్గేవాళ్లు దగ్గుతున్నారు, కుంటేవాళ్లు కుంటుతున్నారు. అందులో ఎవరిది నిజమైన దగ్గో, ఎవరిది కొడుకు కోసం దగ్గే దగ్గో ఆ పైవాడికే తెలియాలి. సమ్మక్కకు ఎవరి మీదా కోపం రాలేదు. తమదీ అదే వరస.

పిలుపు వచ్చింది. వెంట లోపలికి ఇద్దరినే రానిస్తామంటే సారయ్య బయట ఉండిపోయాడు. పొడుగాటి బల్ల వెనక డాక్టర్లు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్న పెద్ద డాక్టరు కళ్లజోడు పైకి నెట్టుకుని కుమారస్వామిని చూసి, కుర్చీ చూపించాడు. మనిషి మెత్తనివాడిలాగే ఉన్నాడు. సమ్మక్క, శ్రావణ్ కుర్చీ వెనక నిలబడ్డారు.

"ఏమండీ, బాగున్నారా? టిఫిన్ చేశారా?"

కుమారస్వామి ఒక్కసారి వెన్ను నిటారు చేశాడు. వేలు పెదవుల మీదికి పోలేదు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో సరిగ్గా పెట్టుకున్నాడు.

"కుమారస్వామి," అన్నాడు గట్టిగా, స్పష్టంగా.

శ్రావణ్ కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, ఇక అన్నీ చెప్తాడు అనుకున్నాడు. సమ్మక్కకు మాత్రం, ఎందుకో తెలియదు గానీ, ఆ గొంతులో ఆ బింకం విని ఛాతీ నిండినట్టయింది. నోరు మూసుకొమ్మని తనే చెప్పింది. మూసుకోనందుకు లోలోపల మొక్కింది.

"సరే. మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"కొమురయ్య."

డాక్టరు తలెత్తి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి పైకి పట్టుకున్నాడు. "ఇదేమిటి?"

"మొగుళ్లపల్లి."

పెన్ను కింద పెట్టి చేతి గడియారం చూపించాడు. "ఇది?"

"శ్రావణ్."

సమ్మక్కకు అందరికంటే ముందు అర్థమైంది. ఆమె చెయ్యి కుర్చీ వీపును పట్టుకుంది. డాక్టరు ముందుకు వంగి, చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"మీ పేరేమిటి? పేరు చెప్పండి."

కుమారస్వామి ఏమాత్రం తడబడలేదు. రోజూ చెప్పే వరసలో తర్వాతిదేదో ఆయనకు బాగా తెలుసు.

"చెంచ."

తర్వాతవి కూడా అడగకముందే చెప్పాడు. దువ్వెన, తాళంచెయ్యి, గలాస. చెప్పి, మెడ తిప్పి వెనక్కి చూశాడు, భార్య ముఖం కోసం. నుదుటి మీద చెమట పట్టింది. బాయిలో తట్ట ఎత్తినప్పుడు కూడా అంత కష్టపడి ఉండడు. ఉన్న శక్తినంతా పెట్టి, ఒక్కటి తప్పకుండా అన్నీ చెప్పాడు. ఇక మిగిలింది ఒక్కటే.

శభాష్ అనాలి. పెద్ద డాక్టరు చూస్తున్నాడు, పక్కన డాక్టర్లు చూస్తున్నారు, కొడుకు చూస్తున్నాడు. ఆయన ఒక్కడే ఎదురు చూస్తున్నాడు.

"శభాష్," అని ఆమె భుజం తట్టింది.

కుమారస్వామి ముఖం విప్పారింది.

"మీరేనా అమ్మా ఇవన్నీ నేర్పింది?" అన్నాడు డాక్టరు. ఆమె తలూపింది. "రోజూ ఇదే వరసలో అడిగారు కదూ?" మళ్లీ తలూపింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తప్పు మీది కాదమ్మా. చాలా కష్టపడ్డారు. కానీ ఈయన ఇంక డ్యూటీ చెయ్యలేడు. అట్లాగే రాస్తున్నాం."

వరండాలో సారయ్య ఎదురొచ్చాడు. "ఏమైందిరా? చెప్పలేదు గదా?"

"అన్నీ చెప్పిండు పెద్దబాపూ," అన్నాడు శ్రావణ్. సారయ్య ముఖం మాడిపోవడం చూసి, "అన్‌ఫిట్ చేసిండ్రు," అన్నాడు. సారయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని ఆకాశానికి దండం పెట్టాడు. శ్రావణ్ దండం పెట్టలేదు. తండ్రి ఊడిపోయిన చెప్పు దగ్గర కూర్చుని, పాదాన్ని అందులోకి తొడుగుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. అందరూ ఏది కావాలని కోరుకున్నారో అదే అయింది. నటించమని బతిమాలారు, బెదిరించారు. ఆయన నటించలేదు. నిజమే చెప్పాడు, అందరికంటే పూర్తిగా. ఈ ఇంట్లో అబద్ధమాడింది, తమకు తాము, మిగిలినవాళ్లే.

మంగళవారం సమ్మక్క ఆలస్యంగా లేచింది. ఒళ్లంతా కొట్టి వేసినట్టుంది. స్నానం చేయించింది, ముందు గడ్డం గీసింది. నున్నటి చెంప మీద చెయ్యి వేసుకుని ఆయన తృప్తిగా చూశాడు. కుర్చీలో కూర్చోబెట్టింది. చాట తియ్యలేదు. ఇంక ఎవరూ వద్దనేవాళ్లు లేరు, అయినా తియ్యబుద్ధి కాలేదు.

కాసేపు చూసి ఆయనే మొదలుపెట్టాడు. "కుమారస్వామి. కొమురయ్య. మొగుళ్ల..."

"వద్దయ్యా," అని ఆమె ఆయన నోటి మీద చెయ్యి వేసింది. "వద్దు. ఇడువు."

ఆయన గాబరాగా చూశాడు. ఏడాదిగా తను అడిగిందంతా తనకు తెలిసిందే అని సమ్మక్కకు ఆ క్షణంలో తోచింది. పేరు తనకు తెలుసు, ఊరు తనకు తెలుసు. చెంచాను చెంచా అని ఎవరికి చెప్పాలి? ఆయనకే తెలిసి తనకు తెలియనిది ఒక్కటంటే ఒక్కటి అడగలేదు.

"ఇయ్యాల ఏం కూర చెయ్యాలె?" అన్నది.

ఆయన అలవాటుగా ఆమె పెదవుల మీదికి చూశాడు. అక్కడేమీ దొరకలేదు, ఆమెకే తెలియదు కాబట్టి. ముఖమంతా వెతికాడు. నుదురు ముడిపడింది. సమ్మక్క ఆగింది. వీధిలో కూరగాయల బండి వచ్చింది, అరిచింది, వెళ్లిపోయింది. ఆయన అలసిపోయి తల వాల్చాడు. ఆమె లేచి పోయి ఇంట్లో ఉన్న బీరకాయలే కోసింది. పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చింది కూడా. ఇన్నాళ్లు ఏడవనిదంతా అక్కడే అయిపోగొట్టింది.

మధ్యాహ్నం ముగ్గురికీ పెట్టింది. శ్రావణ్ తల వంచుకుని తిన్నాడు. కుమారస్వామి ఎడమ చేత్తో కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కంచం దిక్కు చూశాడు. తర్వాత భార్య దిక్కు చూశాడు, పెదవులను కాదు, కళ్లలోకి.

"ఉప్పు," అన్నాడు.

శ్రావణ్ చెయ్యి కంచంలోనే ఆగింది. సమ్మక్క గబగబా వంటింట్లోకి పోయి ఉప్పు డబ్బా తెచ్చింది. ఆయన ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు, డబ్బాను పక్కకు నెట్టాడు. నోరు తెరిచాడు, మూశాడు. మెడ నరాలు పొంగాయి.

"ఎక్కువ... ఎక్కువైంది."

ఆమె ఆయన కంచంలోంచే వేలితో కూర తీసి నాలుకకు రాసుకుంది. నిజమే. ఏడుస్తూ ఏడుస్తూ రెండుసార్లు వేసినట్టుంది, తనింకా ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోనూ లేదు. కొడుకు దిక్కు తిరిగింది. "నువ్వు సగం తిన్నవ్ గదరా, చెప్పలేదేంది?"

"నువ్వు ఏడ్చినవని..." అని శ్రావణ్ నసిగాడు. వాడి కళ్లు తండ్రి మీదే ఉన్నాయి.

కుమారస్వామి కంచాన్ని ఒక అంగుళం అవతలికి జరిపాడు. ముఖం చిట్లించాడు. ఇదివరకు కూర బాగాలేనప్పుడు సరిగ్గా అట్లాగే చిట్లించేవాడు.

సమ్మక్క ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో మజ్జిగ గిన్నె తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

"ఎక్కువైతే మజ్జిగ పోసుకొని తిను. ఏడాది సంది నోట్లె నాలుక లేనట్టు కూసున్నవ్, తెరిచిన్నాడే నా వంటకు వంకలు పెడ్తవా?"

ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నాక ఆమె మొగన్ని తిట్టడం అదే మొదలు.